లారీ మోతకు వాకిట్లోకి వచ్చే మనిషి

మా మేనత్త పోయింది. ఈ ఒక్క మాట రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయాను. ఈ పూట ఇక లేవకూడదని తలుపు వేసుకుని రాస్తున్నాను.

కబురు నాకు తిరుపతిలో, నేను పాఠాలు చెప్పే బడిలో ఉండగా తెలిసింది. బంగారుపాళ్యం నుంచి మొదటి బస్సుకు వచ్చిన మామిడి వ్యాపారి ఒకాయన మధ్యాహ్నం గంట కొట్టే వేళకు బడి వాకిట్లో నిలబడి ఉన్నాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయివారూ, మీ అత్తమ్మ తెల్లారి పోయిందప్పా. ఆకూ వక్కా ఏసుకోని తిన్నె మింద కూసోనుండాది, అట్లనే ఒరిగిపోయింది" అన్నాడు. నేను "ఏ అత్త?" అని అడిగాను. నాకున్నది ఒక్కతే మేనత్త. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా విసుక్కోకుండా "మీ బంగారుపాళ్యం అత్తేనప్పా" అని మళ్లీ చెప్పాడు.

చిత్తూరు బస్సెక్కి, అక్కడ మరో బస్సు మారి, పొద్దు వాలే వేళకు బంగారుపాళ్యం చేరుకున్నాను. దారి పొడుగునా మామిడి తోపులే. ఆ తోపుల్లో ఏ చెట్టు ఏ ఏడు బాగా కాసిందో, ఏది మొండికేసి ఆకు మాత్రమే వేసిందో మా అత్త చెప్పగలిగేది. ఇక అడగడానికి మనిషి లేదు.

ఆమె గురించి తెలియనివారికి ముందుగా నాలుగు మాటలు చెప్పాలి. మా అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఒక్క కొడుకు. పుట్టింటికి రమ్మని మా నాయన ఎంత పిలిచినా రాలేదు. పూత మీద తోటలు గుత్తకు తీసుకుని, కాయ కోయించి, బెంగుళూరు మండీలకు, మద్రాసు మండీలకు పంపే వ్యాపారం పెట్టింది. ఆడమనిషి కాయల వ్యాపారమేమిటని ఊరు కొన్నాళ్లు నోరు నొక్కుకుంది, తరువాత ఆమె దగ్గరకే తోటలు తెచ్చింది. గొంతు పెద్దది. చెయ్యి అంతకన్నా పెద్దది. కోతకు వచ్చిన ఆడవాళ్లకు ముందు బువ్వ పెట్టి ఆ తరువాతే చెట్టు కిందికి పంపేది. "కాయను చెట్టుకు తెలీకుండా కొయ్యాలే. గుంజితే చెట్టు వచ్చే ఏడు అలగతాది" అనేది. చెట్టు అలగడం నేనెక్కడా వినలేదంటే "నువ్వు చదివిన బుక్కుల్లో చెట్లు యాడుండాయిలే" అని నవ్వేది.

ఆ కొడుకు, అంటే మా బావ, యుద్ధం వచ్చినప్పుడు మిలిటరీలో లారీ డ్రైవరుగా చేరాడు. మనిషి మంచి ఒడ్డూ పొడుగూ. ఎడ్లబండి తోలినప్పుడు కూడా నోటితో మోటారు మోత చేస్తూ తోలేవాడు. బర్మా వైపు వెళ్లాడని తెలిసింది. తరువాత కొన్నాళ్లకు కనబడడం లేదని తంతి వచ్చింది. అది చదివి వినిపించింది మా నాయన. ఇంటినిండా ఏడుపులు లేచాయి. అత్త ఒక్కతే ఏడవలేదు. "కనపడలేదంటే ఏందిరా అర్థం? ఎతకతా ఉండారనే గదా?" అంది. 

యుద్ధం ముగిసింది. వెళ్లినవాళ్లలో వచ్చేవాళ్లు వచ్చారు. కొడుకుకు కర్మ చేయించమని పెద్దలు చెప్పి చూశారు. "సచ్చిపోయినాడని ఎవురు సూసినారు? సూసినోణ్ణి తీసకరండి, సేపిస్తా" అంది. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ మాట ఎత్తిన మగాడు లేడు.

సైన్యం వదిలేసిన లారీలు మద్రాసులో వేలం వేస్తున్నారని తెలిసి, మా నాయనను వెంటబెట్టుకుని వెళ్లి ఒక లారీ కొనుక్కొచ్చింది. వ్యాపారం పెరిగింది, బళ్లు చాలడం లేదు, కొనుక్కుంది అనుకున్నాం. అదే యుద్ధం నుంచి తిరిగొచ్చిన పలమనేరు వైపు కుర్రవాడొకడు డ్రైవరుగా కుదిరాడు. నెమ్మదైన మనిషి. నాలుగు మాటలకు ఒక మాట బదులు చెప్పేవాడు. అత్తను అమ్మా అనేవాడు.

ఇక్కడే పొగగొట్టం తగాదా మొదలైంది. లారీకి మిలిటరీ బాడీ తీసేసి కాయలకు వీలుగా చెక్కల తొట్టి కట్టించడానికి చిత్తూరులో ఒక షెడ్డుకు తీసుకువెళ్లారు. సెలవుల్లో ఉన్నాను కాబట్టి నేనూ తగుదునమ్మా అని వెంట వెళ్లాను. షెడ్డు మేస్త్రీ లారీ కిందికి దూరి చూసి, నూనె చేతులు గోనెపట్టకు తుడుచుకుంటూ లేచాడు.

"అమ్మా, ఇది ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు. రెండు పక్కల పొగనీ తెచ్చి ఒకే గొట్టంలోకి తోసినారు. సమంగా ఉండే దావలో ఏం గాదు. లోడేసుకోని మొగిలి కనుమ ఎక్కేటప్పుడు దీనికి ఊపిరాడదు. కాగిపోతాది. ఆ పక్కకొకటి, ఈ పక్కకొకటి, రెండు గొట్టాలు ఏసేస్తా" అన్నాడు.

"వద్దు" అంది అత్త.

"ఎందుకమ్మా?"

"కాయ మెత్తబడతాది."

ఆ మాటలో నిజం లేకపోలేదు. పొగగొట్టం తొట్టి అడుగునే పోతుంది. దాని సెగకు అడుగు గంపల్లోని కాయ వరిగడ్డిలో కప్పెట్టినట్టు దారిలోనే పండడం మొదలుపెడుతుంది. బెంగుళూరు చేరేసరికి మెత్తబడి, మండీవాడు పెదవి విరుస్తాడు. అందుకని అత్త ఒక పద్ధతి పెట్టుకుంది. గొట్టం ఉన్న పక్కన గట్టి నీలం కాయ, గొట్టం లేని పక్కన సుకుమారమైన మల్గోవా ఎత్తించాలని. "రెండు పక్కలా సెగ పెడితే నా మల్గోవా యాడ పెట్టాల? నీ నెత్తిన పెట్టాల్నా?" అని మేస్త్రీని అడిగింది.

మేస్త్రీ నవ్వాడు. "అడుగున రేకు కొడతానమ్మా. గొట్టం మూతి ఎనక చక్రానికి ముందరే బయటికి తిప్పేస్తా. కాయకు సెగ తగిలితే నన్నడుగు."

డ్రైవరు కూడా తల గీరుకుంటూ "రెండుంటే కనుమలో బాగుంటాదమ్మా" అన్నాడు. అతను ఒక మాట అడగడమే గొప్ప. నేనూ అందుకుని, మేస్త్రీ చెప్పింది సబబుగా ఉందన్నాను.

"నువ్వు పోయి పిలకాయలకు ఎక్కాలు చెప్పుకోపో" అంది నాతో. మేస్త్రీతో మాత్రం మెల్లగా, "వద్దప్పా. అది ఎట్లా వచ్చిందో అట్లనే ఉండనీ" అంది.

అత్తకు పిసినారితనం పట్టుకుందని షెడ్డులో అనుకున్నారు, ఊళ్లో అనుకున్నారు, మా ఇంట్లోనూ అనుకున్నారు. చెయ్యి అంత పెద్దదైన మనిషికి ఒక గొట్టం దగ్గర పిసినారితనం ఎందుకు వస్తుందని ఎవరికీ తోచలేదు.

మరుసటి వేసవిలో నేను ఆమె ఇంట్లో కొన్నాళ్లున్నాను. ఒక మధ్యాహ్నం నాకు బువ్వ పెట్టి ఎదురుగా కూర్చుంది. మామిడికాయ పప్పు వడ్డిస్తూ తోటల సంగతులు చెబుతోంది. ఉన్నట్టుండి గరిటె గిన్నెలో వదిలేసి లేచిపోయింది. నాకేమీ వినబడలేదు. కాసేపటికి రోడ్డు మలుపు దగ్గర లారీ మోత వినిపించింది. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వెళ్లి చూస్తే, అత్త తలుపు కొయ్య పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడి ఉంది. లారీ వచ్చి ఇంటి ముందు నిలిచింది. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆమెను చూస్తూ అలాగే కూర్చున్నాడు. కొంతసేపయ్యాక అత్త కళ్లు తెరిచి "చాలప్పా, నిలుపు" అంది. అప్పుడతను ఆపాడు.

ఆ సాయంత్రం అడిగాను, ఏమిటత్తా ఇది అని. ముందు కసిరింది. తరువాత ఆకుకు సున్నం రాసుకుంటూ, నావైపు చూడకుండా చెప్పింది.

"వాడు తోలిన బండి ఇట్లాంటిదే. నేను వాణ్ణి లారీ మింద ఎప్పుడూ సూళ్లేదు గదరా. వాడు ఆడ లారీ తోల్తా ఉంటే ఎట్లా మోతొచ్చిందో నాకేం తెలుసు? ఈ డ్రైవరు పిలకాయనడిగినా, మీ బండ్లకి గొట్టాలు ఎన్నుండెనప్పా అని. ఒకటేనమ్మా అన్నాడు. ఇదే మోతనా అన్నా. అన్నీ ఇదే మోతమ్మా, చీకట్లో మా బండి ఏదో మాకే తెలిసేది కాదు అన్నాడు. ఇంక గొట్టం మారిస్తే నాకేముంటాదిరా?"

ఆకు నోట్లో పెట్టుకుంది.  కొడుకు లారీ తోలుతుంటే ఒక్కసారైనా చూడని తల్లి, ఆ మోత కోసం లారీ కొనుక్కుంది. మేమంతా పిసినారి అన్నాం. 

డ్రైవరుకు ఇదంతా తెలుసు. ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు. కనుమలో ఎంత ఇబ్బంది పడ్డా రెండో గొట్టం మాట మళ్లీ ఎత్తలేదు. లోడుతో మొగిలి కనుమ ఎక్కేటప్పుడు నాలుగైదు చోట్ల నిలుపుకునేవాడు. ఇంజను చల్లారేదాకా రాతి మీద కూర్చుని బీడీ కాల్చుకుని మళ్లీ కదిలేవాడు. ఆలస్యమెందుకైందని అత్త అడిగితే "దావలో ఎద్దులు అడ్డమొచ్చినాయమ్మా" అనేవాడు. పాపం, ఎన్ని ఎద్దులని అడ్డమొస్తాయి!

మల్గోవా కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒకనాడు కనుమలో సగం ఎక్కాక ఇంజను కాగిపోయి శక్తి చాలలేదు. లోడు లారీ వెనక్కు జారడం మొదలుపెట్టింది. కనుమ పైన తోటల్లో కోతకు పోతూ గంపల మీద కూర్చున్న ఆడవాళ్లు కిందికి దూకి, చేతికందిన రాళ్లు చక్రాల కింద వేశారు. ఒక రాయి పట్టుకుంది. ఇంకొంచెం జారి ఉంటే పక్కన లోయ. డ్రైవరు కంగారులో రేడియేటరు మూత తిప్పేశాడు. మరిగే నీళ్లు ఎగజిమ్మి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

ఆ కాలిన చేతికి అరటాకు చుట్టుకుని, ఎవరిదో బండెక్కి ఇంటికి వచ్చాడు. అత్త వాకిట్లోనే ఉంది. లారీ మోత రాలేదు, మనిషి ఎద్దులబండి దిగాడు. అతను అప్పుడు కూడా "ఏం లేదమ్మా, ఎద్దులు అడ్డమొచ్చినాయి" అన్నాడట.

వెంట వచ్చిన కోత మనిషి ఊరుకోలేదు. "ఏం ఎద్దులు! ఊపిరాడక సచ్చింది బండి. రాయి నిలవకుంటే అందరం లోయలో ఉందుము. ఈ బిడ్డకు తల్లి లేదా?" అంది.

అత్త కుర్రవాణ్ణి తిన్నె మీద కూర్చోబెట్టి చేతికి తేనె పూసింది. అతని తల్లి ఎక్కడుందో, ఎప్పుడు చూసొచ్చాడో అడిగింది. పలమనేరు అవతల పల్లెలో ఉందని, పంట పని అయ్యాక వెళ్లి చూడాలని చెప్పాడు. "యుద్ధం నుంచి వచ్చిన కొడుకును ఆయమ్మ ఎన్నాళ్లు సూసుకునింది?" అని అడిగింది. అతను తలొంచుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె బువ్వ తినలేదని పనిమనిషి నాకు తరువాత చెప్పింది.

లారీని ఎలాగో కిందికి దింపించి చిత్తూరు షెడ్డుకు చేర్చారు. నేను తిరుపతి నుంచి చూడడానికి వచ్చేసరికి అత్త షెడ్డులోనే ఉంది. మేస్త్రీ ఎదురుగా నిలబడి "రెండు గొట్టాలు ఎయ్యప్పా" అంది.

మేస్త్రీకి పాత మాట గుర్తుంది. "మరి నీ కాయమ్మా?" అన్నాడు.

"కాయలు పోతే మళ్లా యాడాదికి కాస్తాయి" అంది.

చెయ్యి కట్టుతో డ్రైవరు ఒక మూల నిలబడి ఉన్నాడు. "అమ్మా, వద్దులేమ్మా. నేను మెల్లగా ఎక్కించుకుంటాలే. ఇంగ జాగ్రత్తగా ఉంటా" అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు నోర్ముయ్యప్పా" అంది అత్త. ఆ కసురులో ఉన్న ప్రేమ నాకు ఇప్పటికీ వినబడుతోంది. తరువాత మేస్త్రీతో, "గొట్టం కోసే ముందర ఒక్కసారి ఇంజను తిప్పప్పా" అంది.

మేస్త్రీకి సంగతి తెలియదు. అయినా ఎక్కమని డ్రైవరుకు సైగ చేశాడు. డ్రైవరు ఎడమ చేత్తోనే ఎక్కి ఇంజను తిప్పాడు. ఆ రేకుల షెడ్డులో ఆ మోత నిండిపోయింది. అత్త కళ్లు మూసుకోలేదు ఈసారి. తొట్టి చెక్క మీద చెయ్యి వేసి నిలబడింది. చెక్క వణుకుతుంటే ఆమె చేతి గాజులు లేని మణికట్టు కూడా వణికింది. సమ్మెటలు ఆగిపోయాయి. తంతి వచ్చిన నాడు ఏడవని మనిషి, యుద్ధం ముగిసిన నాడు ఏడవని మనిషి, ఆ షెడ్డులో, అంతమంది మగవాళ్ల మధ్య, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతసేపో నేను చెప్పలేను. చివరికి చెయ్యి తీసేసి "చాలప్పా, నిలుపు" అంది. డ్రైవరు ఆపాడు. అతనూ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

పాత గొట్టం కోస్తుంటే ఆమె నిలబడలేకపోయింది. నేను బయటికి తీసుకువెళ్లి, అంగడిలో సోడా ఇప్పిస్తే తాగింది. "ఈ ఏడు పెద్దల అమాసకు వాడికి కూడా బువ్వ పెట్టల్లరా. మీ నాయనతో చెప్పు" అంది. అంతే అంది. నేను తల ఊపాను. నా కళ్లలో నీళ్లు చూసి "పిలకాయలకు పాఠం చెప్పేవోడివి, అంగడి ముందర ఏడ్సకు" అని నన్నే కోప్పడింది.

ఆ అమావాస్యకు వంట ఆమే చేసింది. వాడికి ఇష్టమని ఉలవచారు కాచింది, అలసందల వడలు వండింది. ఆకు వేసి, కొత్త పంచె పెట్టి, అన్నం మీద నెయ్యి పోసింది. పెద్దల వరుసలో మా అత్త తన భర్త ఆకు పక్కనే కొడుకు ఆకు వేసింది. అప్పటిదాకా వెతుకుతూ ఉన్న కొడుకును ఆ పొద్దు తన చేతులతో తానే పెద్దల్లో కలిపేసింది. ఇంతకన్నా పెద్ద పని ఏ తల్లయినా చేసిందేమో నాకు తెలియదు. వడ్డించి లేచేటప్పుడు ఆమె చెయ్యి చాపింది. డ్రైవరే పట్టుకున్నాడు.

రెండు గొట్టాల లారీ కనుమ సునాయాసంగా ఎక్కింది. మేస్త్రీ చెప్పినట్టే రేకు అడ్డం కాచి, కాయకు సెగ తగల్లేదు. మోత మాత్రం మారిపోయింది. ముందటి కన్నా బొంగురు, ముందటి కన్నా పెద్దది. ఆ దారిలో పోయే లారీలన్నింటిలోకి దాని మోత వేరు. ఇక అత్త బయటికి రాదేమో, ఆ మోత ఆమెకు గిట్టదేమో అని నేను భయపడ్డాను.

ఆమె వచ్చింది. మొదటిసారి ఆ కొత్త మోత మలుపు తిరిగినప్పుడు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వెళ్లింది. కళ్లు మూసుకోలేదు. లారీ నిలిచేదాకా డ్రైవరు ముఖమే చూస్తూ నిలబడింది. పాత అలవాటు కొద్దీ అతను ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. "ఇది నీ బండి మోతేలే అప్పా. యాడున్నా కనిపెడతా. చాలు, నిలుపు" అంది. ఆ తరువాత కూడా ఆమె చెప్పేదాకా ఇంజను ఆపకపోవడం అతనికి ఆచారంగానే ఉండిపోయింది. పెట్రోలు దండగని నేనొకసారి అంటే ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు. పంట పని ముగిసిన ప్రతిసారీ అతణ్ణి బలవంతాన తల్లి దగ్గరికి పంపించేది. ఒక గంప మల్గోవా కూడా ఇచ్చి పంపేది.

ఇప్పుడు ఆమె లేదు. నేను చేరేసరికి ఇంటి ముందరి పడసాలలో పడుకోబెట్టారు. తోటలవాళ్లు, కోత ఆడవాళ్లు, మండీవాళ్లు చుట్టూ కూర్చున్నారు. డ్రైవరు లోడుతో బెంగుళూరు వెళ్లాడు. కబురు చెప్పడానికి మార్గం లేదు. మర్నాడు పొద్దునకు వస్తాడని, అతను వచ్చాకే ఎత్తాలని మా నాయన అన్నాడు. ఎవరూ కాదనలేదు.

తెల్లవారి సన్నగా తుంపర పడుతోంది. ఆడవాళ్లు ఏడ్చి ఏడ్చి అలసి, మళ్లీ ఏడుపు అందుకున్నారు. అంతలో రోడ్డు మలుపు దగ్గర ఆ బొంగురు మోత వినబడింది. ఏడుపు ఆగిపోయింది. మోత దగ్గరవుతోంది. ఎవరూ అనుకుని చేసింది కాదు, పడసాలలో ఉన్నవాళ్లమంతా ఒక్కసారే అత్త ముఖం వైపు తిరిగాం. మా నాయన కూడా. లేస్తుందని చూశాం. నిజంగానే చూశాం.

లారీ వచ్చి ఇంటి ముందు నిలిచింది. వాకిట్లో అన్ని చెప్పులు చూసే ఉంటాడు, తలుపు పక్కన పెట్టిన దీపం చూసే ఉంటాడు. అయినా అతను దిగలేదు, ఇంజను ఆపలేదు. ఆ మోతకు మా కింద నేల సన్నగా అదురుతోంది. లేచి వెళ్లి, చాలప్పా, నిలుపు అని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.